కొత్త పొట్లం

నిన్న సాయంత్రం నా మనవరాలికి పాల పన్ను ఊడింది. ఆపిల్ ముక్క కొరుకుతుంటే ఊడిందట. పరుగెత్తుకొచ్చి నా అరచేతిలో పెట్టి, "అమ్మమ్మా, నీ మందు ఇంకా ఇందులోనే ఉంది చూడు" అంది.

ఐదేళ్ళ కిందట వేసిన స్టీలు టోపీ పన్ను మీద అలాగే ఉంది. వేర్లు కరిగిపోయాయి కాబట్టి కిందివైపు నుంచి చూస్తే లోపలిదంతా కనిపిస్తోంది. పెసరగింజంత తెల్లటి ముద్ద. గోటితో గీకాను, పొడి రాలలేదు. గుండుసూదితో గుచ్చాను, సూది మొన వంగింది. ఇంట్లో అందరూ పిల్ల బోసి నోరు చూసి నవ్వుతున్నారు. నేను స్నానాల గదిలోకి వెళ్ళి, గడియ వేసుకుని, కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆ మందు నా మనవరాలిది కాదు. వేరే పిల్లకు వెయ్యాల్సింది. ఆ సంగతి తెలిసింది ఈ లోకంలో నాకొక్కదానికే.

నేను పిల్లల పళ్ళాసుపత్రిలో డాక్టరమ్మ పక్కన నిలబడే మనిషిని. ఇరవై ఆరేళ్ళుగా నిలబడుతున్నాను. కొందరు నర్సు అంటారు, కొందరు ఆయా అంటారు, సూది చూసిన పిల్లలు ఇంకేవేవో అంటారు. నా పని మందులు కలపడం, అందించడం. డాక్టరమ్మ రెండు చేతులూ పిల్ల నోట్లో ఉంటాయి, చూపు అద్దంలో ఉంటుంది. నేను ఏది అందిస్తే అది లోపలికి వెళుతుంది. ఈ మాట గొప్పకు చెప్పేదాన్ని ఒకప్పుడు.

పాల పన్ను పుచ్చి, ఆ పుచ్చు లోపలి గుజ్జు దాకా దిగిందనుకోండి. పై గుజ్జు తీసేసి, వేర్లలో ఉన్న గుజ్జును బతికించాలి. కోసిన చోట ఒక మందు పెట్టి మూసెయ్యాలి. ఊడిపోయే పంటికి ఇంత హంగామా ఎందుకని తల్లిదండ్రులు అడగని రోజు లేదు. ఊడిపోయేదే, కానీ తన టైముకు ఊడాలి. ముందే పీకేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. లోపల చీము పట్టిందా, దాని అడుగున పెరుగుతున్న అసలు పన్నుకే ముప్పు. ఇవన్నీ డాక్టరమ్మ చెప్పగా చెప్పగా నాకు కంఠతా వచ్చేశాయి. ఆమె తీరిక లేకుండా ఉంటే తల్లులకు నేనే చెప్పేదాన్ని.

నేను చేరిన కొత్తల్లో అందరూ గులాబీ రంగు మందు వాడేవాళ్ళు. దూది ఉండను అందులో ముంచి, గాజుగుడ్డలో పెట్టి పిండి, దాదాపు ఆరిపోయాక అందించాలి. ఐదు నిమిషాలుంచి తీసెయ్యాలి. ఒక్క చుక్క చిగురు మీద పడినా బొబ్బలెక్కేది. దాని ఘాటు, దాని మీద పెట్టే లవంగ నూనె ముద్ద వాసన నా జుట్టుకు పట్టి వదిలేవి కావు. నువ్వొస్తే ఆసుపత్రే ఇంటికొచ్చినట్టుంటుందని మా ఆయన ముక్కు మూసుకునేవాడు. మధ్యలో గోధుమ రంగు మందొకటి వచ్చింది, రక్తం ఇట్టే ఆపేది. సున్నం లాంటిది ఇంకొకటి వచ్చింది, పాల పళ్ళలో అది ఎక్కువకాలం నిలబడటం లేదని డాక్టరమ్మ దాన్ని మానేసింది. గులాబీ మందులో ఉన్నది శవాలు పాడవకుండా వాడే సరుకేనని, చాలామంది ఇంకా వాడుతున్నా తనకు అనుమానం ఉన్నదాన్ని పసిపిల్లల నోట్లో పెట్టలేనని చివరికి దాన్ని కూడా అటకెక్కించింది. అప్పుడు వచ్చింది తెల్ల పొడి.

అది చిన్న చిన్న పొట్లాల్లో వస్తుంది. గాజు పలక మీద పోసి, రెండు చుక్కల డిస్టిల్డ్ వాటర్‌తో కలిపితే తడి ఇసుకలా ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. పంటిలో పెట్టాక అక్కడి తడికే గంటల మీద రాయి అవుతుంది. ఆ రాయి కింద గుజ్జు హాయిగా బతుకుతుంది. ఒకటే చిక్కు. పొట్లం విప్పాక గాలిలో ఉన్న తేమ తగిలితే చాలు, అది చచ్చిపోతుంది, ఇక గట్టిపడదు. చూడ్డానికి మాత్రం అలాగే తెల్లగా ఉంటుంది.

అందుకే ఒక పొట్లం ఒక్క పంటికే అని డాక్టరమ్మ నియమం పెట్టింది. మిగిలింది పారెయ్యాలి. ఏ మందుకైనా చెయ్యి చాచేముందు ఆమె తలెత్తకుండానే, "కొత్తదేనా?" అని అడుగుతుంది. "కొత్తదేనమ్మా" అంటాను నేను. అలా కొన్ని వేలసార్లు అడిగి ఉంటుంది. అడగడం ఆమెకు, చెప్పడం నాకు అలవాటైపోయింది.

నా చేతులకు మాత్రం పారెయ్యడం రాదు. సబ్బు అరిగి రేకులా అయితే కొత్త సబ్బుకు అతికించి వాడే ఇంట్లో పెరిగినదాన్ని. పొట్లంలో పంటికి పట్టేది మూడో వంతు కూడా ఉండదు, మిగతాదంతా చెత్తబుట్టపాలు. ఖాళీ అయిన మాత్రల సీసా ఒకటి తీసుకున్నాను, తేమ పీల్చుకునే చిన్న సంచి దాని అడుగున ఉంటుంది కదా, అలాంటిది. డాక్టరమ్మ అటు తిరగగానే మిగిలిన పొడిని అందులోకి దులిపేదాన్ని. అలమర పై అరలో దూది కట్టల వెనక పెట్టాను. వాడాలని కాదు. ఉంటే మంచిదని, అంతే.

మా ఆసుపత్రి తువ్వాళ్ళూ కోట్లూ ఉతికి తెచ్చే లాండ్రీ ఆవిడ ఒకతె ఉంది. వారానికి మూడు రోజులు వెనక తలుపు దగ్గర మూట దించుతుంది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. జేబులో నేను మర్చిపోయిన పెన్నునూ, చిల్లర కాగితాన్నీ కూడా విడిగా చుట్టి తెచ్చిస్తుంది. ఆమెకు ఒక్కతే కూతురు. ఉతుకుల్లో ఊడిపోయిన బొత్తాలను పోగేసుకుని ఆడుకునేదని ఆ పిల్లను అందరూ బొత్తాం అనేవాళ్ళు. అప్పటికి ఐదున్నరేళ్ళు. నా మనవరాలికీ అదే వయసు. దీని ముద్దుపేరు గోరింక, ఎందుకో ఒక్క నిమిషం కూర్చుంటే తెలుస్తుంది. నోరు మూయని పిల్లకు పళ్ళ డాక్టరుతో ఇబ్బందేముంటుందని మా అల్లుడు ఎగతాళి చేసేవాడు.

ఇద్దరికీ కింది దవడలో ఎడమవైపు ఒకే పన్ను పుచ్చింది. ఇద్దరికీ గుజ్జు తీసి మందు పెట్టాలని డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి చెప్పింది. ఇద్దరినీ ఒకే శనివారం రమ్మన్నది నేనే. పదింటికి బొత్తాం, పదకొండున్నరకు గోరింక.

ఆ శనివారం పొద్దున్నే సొరుగు లాగి చూస్తే ఒక్కటే పొట్లం ఉంది.

తెప్పించాల్సింది నేను. ముందు వారమే ఫోన్ చెయ్యాల్సింది. గోరింకకు పన్ను నొప్పి మొదలైందని మా అమ్మాయి కంగారు పడుతుంటే ఆ గొడవలో పడి మర్చిపోయాను. ఇప్పుడు వెళ్ళి డాక్టరమ్మకు చెబితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఒకరిని సోమవారం రమ్మంటుంది, లేదా గోధుమ రంగు మందు తియ్యమంటుంది. మహా అయితే, ఇంత నిర్లక్ష్యమేమిటని నన్ను ఒక చూపు చూస్తుంది. ఆ ఒక్క చూపు పడలేకపోయాను. పైగా, ఆగమనేది రెండో పిల్లనే కదా, అంటే నా మనవరాలినే. తెల్లవార్లూ చెంప పట్టుకుని ఏడ్చిన పిల్ల అది.

అక్కడ నిలబడి నేను అనుకున్నదేమిటో దాచకుండా చెబుతాను. సీసాలో ఉన్నది కూడా అదే పొడి కదా అనుకున్నాను. కాస్త తేమ తగిలితే తగిలి ఉండొచ్చు, పనిచెయ్యకపోదులే అనుకున్నాను. అంత నమ్మకమే ఉంటే నా మనవరాలికి ఆ సీసాలోది పెట్టి, బొత్తానికి పొట్లం విప్పి ఉండేదాన్ని. ఆ ఆలోచన నాకు రానే లేదు. తట్టి తోసేశానని కూడా చెప్పలేను, అసలు తట్టనే లేదు. చేతులు వాటంతటవే సీసా మూత తిప్పాయి.

బొత్తాం కుర్చీలో బుద్ధిగా పడుకుంది. గుప్పిట్లో ఒక ఎర్ర బొత్తాం పట్టుకుంది. తల్లి కాళ్ళ దగ్గర నిలబడి పిల్ల పాదాలు నిమురుతోంది. డాక్టరమ్మ పై గుజ్జు తీసి, దూది అదిమి, రక్తం ఆగిందో లేదో రెండుసార్లు చూసి, చెయ్యి చాచింది.

"కొత్తదేనా?"

"కొత్తదేనమ్మా."

గాజు పలక మీద పొడి ఉండలు ఉండలుగా ఉంది. గరిటెతో నలిపి కలిపాను. డాక్టరమ్మ చేతికి అందగానే ఇదేమిటి ఇలా విడిపోతోందని అడిగింది. నీళ్ళు తక్కువయ్యాయని చెప్పి ఇంకో చుక్క వేశాను. ఆమె ఒక్క క్షణం ఆగి నా ముఖంలోకి చూసింది. నా మాట నమ్మి పంటిలో పెట్టేసింది. దాని మీద గట్టి సిమెంటు, ఆ పైన స్టీలు టోపీ. టోపీ వేశాక లోపల ఏముందో ఎవరికీ కనిపించదు.

పదకొండున్నరకు గోరింక వచ్చింది. పొట్లం అంచు కత్తిరించాను. "కొత్తదేనా?" అంటే ఈసారి గట్టిగానే చెప్పాను. తడి ఇసుకలా ఎంత చక్కగా వచ్చిందో.

రెండు వారాలు బాగానే గడిచాయి. మూడో వారం లాండ్రీ ఆవిడ మూట దించుతూ, పిల్ల రాత్రుళ్ళు చెంప పట్టుకుంటోందని, డాక్టరమ్మకు ఒకసారి చూపించనా అని అడిగింది. చూపిస్తే ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రేలో తేడా కనిపిస్తే టోపీ విప్పుతారు. అలాగే ఉంటుందిలే, మందు సర్దుకోవాలి కదా, ఉప్పునీళ్ళతో పుక్కిలించమను అన్నాను. సరే అక్కా అని వెళ్ళిపోయింది. నాలుగో వారం మళ్ళీ అడిగింది. మా మనవరాలికీ కాస్త నొప్పిగానే ఉందని చెప్పాను. గోరింక అప్పటికి జామకాయలు కొరుకుతోంది. నొప్పి తగ్గే సిరప్ సీసా ఒకటి నా సంచిలోంచి తీసి చేతిలో పెట్టాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మీకెంత శ్రమ అంటూ.

మందు పెట్టడం ఒక తప్పు. వెనక తలుపు దగ్గర ఆ రెండు రోజులూ నేను చేసింది ఇంకొకటి. మొదటిదానికి పిరికితనం అని పేరు పెట్టుకోవచ్చు. రెండోదానికి నాకు పేరు దొరకలేదు.

ఐదో వారం సెలవు రోజున బొత్తాం చెంప వాచింది. సాయంత్రానికి వాపు దవడ కింద దాకా పాకింది, నోరు తెరవలేకపోయింది, ఒళ్ళు కాలిపోయింది. పెద్దాసుపత్రిలో దవడ కింద బయటి నుంచి కోసి చీము తీశారు. పన్ను పీకేశారు. దాని అడుగున తయారవుతున్న అసలు పన్ను చీములో నాని, ఆ పుండు శుభ్రం చేస్తుంటే చిన్న చిప్పలా ఊడొచ్చిందట. పన్నెండు రోజులు అక్కడే ఉన్నారు. మూడో రోజు పిల్లకు ఊపిరి ఆడక గొంతులో గొట్టం వేశారని తెలిసి, నేను తువ్వాళ్ళ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆ పిల్ల బతికితే చాలు, అన్నీ ఒప్పేసుకుంటాను అని మొక్కుకున్నాను. పిల్ల బతికింది. నేను నోరు మెదపలేదు.

అన్ని పళ్ళూ నిలబడవు, ఏం పెట్టినా కొన్ని చెడతాయని డాక్టరమ్మే అంటుంది కదా. ఆ మాటను పట్టుకుని వేలాడదామని చూశాను. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు సీసాలో మిగిలిన పొడిని గాజు పలక మీద కలిపి, తడి దూది కప్పి, సొరుగులో పెట్టాను. మర్నాడు తీసి చూస్తే ఎలా కలిపానో అలాగే ఉంది. వేలితో నొక్కితే వేలికి అంటుకుంది. సీసాను సింకులో కడిగేశాను. పీకిన పన్ను ఎలాగూ పెద్దాసుపత్రి చెత్తలో పోయింది. అది డాక్టరమ్మ చేతికి వచ్చి ఉంటే అరక్షణంలో పట్టేసేది. రానందుకు ఆ రోజు నేను ఊపిరి పీల్చుకున్నాను. అలా పీల్చుకున్నది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత.

పిల్లను ఇంటికి పంపాక తల్లి దాన్ని మా దగ్గరకు తీసుకొచ్చింది. మెడ చుట్టూ కట్టు. డాక్టరమ్మ పాత ఎక్స్‌రేలు, కొత్త ఎక్స్‌రేలు దీపం ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, లాండ్రీ ఆవిడ ముఖంలోకి సూటిగా చూస్తూ చెప్పింది.

"తప్పు నాదమ్మా. రక్తం ఆగిందనుకున్నాను. లోపల అప్పటికే చెడి ఉంటుంది, నేను కనిపెట్టలేకపోయాను."

అలా చెప్పే డాక్టర్ని నేను ఇంకొకరిని చూడలేదు. చెప్పి, నొప్పి మొదలైనప్పుడే ఎందుకు తీసుకురాలేదమ్మా అని మెల్లగా అడిగింది. నేను ట్రే పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. లాండ్రీ ఆవిడ నా వైపు ఒక్కసారి చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె చూపు తిప్పేసుకుని, పనిలో పడి అశ్రద్ధ చేశానని, తప్పు తనదేనని తలదించుకుంది.

ఏ తప్పూ చెయ్యని ఇద్దరు ఆడవాళ్ళు నా కళ్ళ ముందే తప్పును నాదంటే నాదని పంచుకున్నారు. నేను ట్రేలో అద్దాలు సర్దుతున్నాను.

ఆ తర్వాత డాక్టరమ్మ పిల్లల పంటి గుజ్జు జోలికి వెళ్ళలేదు. అలాంటి కేసు వస్తే ఇంకో డాక్టరు దగ్గరికి చీటీ రాసేది. అంత దూరం వెళ్ళలేమన్న వాళ్ళ పిల్లలకు పన్ను పీకేసేది. నిలబెట్టగలిగిన పళ్ళను ఎన్నింటిని పీకిందో నాకు తెలుసు, తీసుకెళ్ళి పారేసింది నేనే కాబట్టి. ఒకసారి అడిగాను, ఒక్క పన్ను చెడితే ఇంతలా బెంబేలెత్తాలా అమ్మా అని. తన చెయ్యి మీద తనకు నమ్మకం పోయిందని చెప్పింది. గాజు పలక సొరుగు అడుక్కి చేరింది.

బొత్తానికి ఏటా నోట్లో తగిలించుకునే, కట్టుడు పన్ను ఉన్న చిన్న పలక తయారుచేసి పెడుతుంది డాక్టరమ్మ. దవడ ఎదిగే కొద్దీ పాతది పట్టదు. పెళ్ళీడు దాకా ఇలా మారుస్తూ ఉండాలి, ఆ తర్వాత ఇంకేదో చెయ్యాలి. అక్కడ పన్ను ఎన్నటికీ రాదు. దవడ కింద మచ్చ తాడులా కనిపిస్తుంది. బళ్ళో పిల్లలు మెడ కోసిన కోడి అని వెక్కిరిస్తారని, అందుకని జుట్టు అటువైపు వేసుకుంటుందని వాళ్ళమ్మ నాతో చెప్పింది. నాతోనే చెప్పుకుంటుంది అన్నీ. మీరుండబట్టి ఆసుపత్రికి రావడానికి ధైర్యంగా ఉంటుంది అక్కా అంటుంది. ఐదేళ్ళుగా ఆ మాట వింటున్నాను.

ఈ రోజు శనివారం. కొత్త పలకకు అచ్చు తియ్యడానికి బొత్తాం రావలసిన రోజు. పొద్దున గోరింక తన పన్నును బళ్ళో చూపించాలి, ఇచ్చెయ్యమని నా వెంట పడింది. కాసేపు నా దగ్గర ఉండనియ్యమని చెప్పి కోటు జేబులో వేసుకున్నాను. ఏం చెయ్యబోతున్నానో దారి పొడుగునా నాకు తెలియదు. జేబులో అది తొడకు తగులుతూనే ఉంది.

పదింటికి తల్లీకూతుళ్ళు వచ్చారు. బొత్తాం ముందు గదిలో కుర్చీలో కూర్చుని పుస్తకం తీసింది. డాక్టరమ్మ లోపల చేతులు కడుక్కుంటోంది. లాండ్రీ ఆవిడ మూట ఇవ్వడానికని నా వెంట తువ్వాళ్ళ గదిలోకి వచ్చింది. పిల్లకు పదిన్నర నిండుతున్నాయని, తోటివాళ్ళందరికీ పళ్ళు ఊడి కొత్తవి వస్తుంటే అద్దం ముందు నిలబడి నాకెప్పుడు వస్తుందని అడుగుతోందని, ఏం చెప్పాలో తెలియడం లేదని అంది. అంటూనే తువ్వాళ్ళు అంచులు కలిపి అరలో పెడుతోంది.

ఇక దాచడం నాకు చేతకాలేదు. చెప్పేశాను. ఒక్క పొట్లం, సీసా, దూది కట్టల వెనక, పదింటికి ఎవరికి, పదకొండున్నరకు ఎవరికి. ఒక్కటీ వదలలేదు. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో ఒక తువ్వాలు అలాగే ఉండిపోయింది.

అప్పుడు అడిగింది. "నొప్పి అన్నప్పుడు ఆగమన్నది అందుకేనా?"

"అందుకే."

"తెలియక చెప్పారనుకున్నాను. డాక్టరమ్మ అడిగితే మీ పేరు చెప్పలేదు. ఈ వయసులో మీ పని పోగొట్టడం ఎందుకని."

నాకు తెలుసన్నాను. తెలిసీ ఊరుకున్నానన్నాను. కాళ్ళు పట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది. కొట్టినా బాగుండేది. తిట్టినా బాగుండేది. తువ్వాలు మడత పూర్తిచేసి, మిగతావాటి మీద పెట్టి, అంచులు సరిచేసింది.

"మీ మనవరాలి పన్ను ఊడిందా?"

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి, పన్నును తిరగేసి, లోపలి తెల్లటి ముద్దను చూసింది. బట్టల సోడా నీళ్ళకు పగిలిన బొటనవేలి గోరుతో గీకింది. ఇంకోసారి గట్టిగా గీకింది.

"రాయిలా ఉంది" అంది.

ఆ తర్వాత ముందు గదిలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. బొత్తాం తలెత్తి చూసింది. తల్లి ఆ పిల్ల అరచెయ్యి విప్పి, పన్నును అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

"దాచుకో. ఇందులో ఉన్న మందు నీకు పెట్టాల్సింది."

పిల్లకు అర్థం కాలేదు. ఎవరి పన్ను అమ్మా అని అడిగింది. తల్లి పిల్ల జుట్టు పక్కకు తొలగించి, దవడ కింది మచ్చ మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. బొత్తాం తల్లి ముఖం చూసింది, నా ముఖం చూసింది. గుప్పిట విప్పి, పన్నును రెండు వేళ్ళతో పట్టుకుని, తన నోట్లో ఖాళీ ఉన్న చోట పెట్టి చూసుకోబోయి, మళ్ళీ గుప్పిట మూసేసింది.

లాండ్రీ ఆవిడ నా వైపు తిరగకుండానే మాట్లాడింది. "లోపలికి వెళ్ళి ఆవిడకు మీరే చెప్పండి. ఐదేళ్ళుగా తన చేతిని తిట్టుకుంటోంది పాపం. మీరు చెప్పిందాకా నేను ఇక్కడి నుంచి కదలను."

ఈసారి అక్కా అనలేదు.

లోపలికి వెళ్ళాను. డాక్టరమ్మ కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని అద్దం తుడుచుకుంటోంది. అచ్చు తీసే పొడి సంచి కత్తిరించి, గిన్నెలో పోసి, నీళ్ళు కొలిచి పక్కన పెట్టాను. నా చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. పిల్లను పిలవలేదేమని అడిగింది. పిలుస్తానన్నాను, కానీ కదల్లేదు. తలుపులోంచి లాండ్రీ ఆవిడ చీర అంచు కనిపిస్తోంది.

డాక్టరమ్మ తలెత్తకుండా గిన్నె కోసం చెయ్యి చాచింది. "కొత్తదేనా?"

"ఇది కొత్తదేనమ్మా" అన్నాను. "ఆ రోజు బొత్తానికి ఇచ్చింది కాదు."